పద్యంలో క్రీస్తు కథ చెప్పిన వినుకొండ కవి

తెలుగు పల్లెల్లో ‘సత్య హరిశ్చంద్ర’ నాటకం ఆడని ఊరు అరుదు. తెల్లవారుజామున కాటిసీను వచ్చేదాకా జనం చాపలు చుట్టరు. కాటికాపరి వేషంలో హరిశ్చంద్రుడు వచ్చి పద్యం ఎత్తుకోగానే, పందిట్లో కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. వన్స్‌మోర్ కేకలు పడతాయి. కలవాడూ లేనివాడూ చివరికి ఒకే మట్టిలో కలిసే చోటు గురించిన ఆ పద్యాలు చదువురాని రైతుకూలీలకు కూడా కంఠతా వచ్చు.

నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం కవి. కాని ఆ శ్మశాన పద్యాల్లో జనం నాలుక మీద నిలిచిపోయినవి ఆయనవి కావు. అవి గుర్రం జాషువా విడిగా రాసుకున్న ఖండకావ్యంలోవి. నటులు వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. ప్రేక్షకులు ఇక వదలలేదు. హరిశ్చంద్రుడి నోట పలికే మాటలు ఒక క్రైస్తవుడు రాసినవని, ఆ క్రైస్తవుడు ఆ రోజుల్లో గుడి మెట్టు తొక్కనివ్వని కులంలోంచి వచ్చినవాడని పద్యం విన్నవాళ్ళలో ఎందరికి తెలుసో చెప్పడం కష్టం.

ఈ చిక్కు జాషువాను జీవితమంతా వెంటాడింది. పండితుల సభకు వెళితే అంటరానివాడన్నారు. చర్చికి వెళితే హిందువుల కథలు రాసేవాడన్నారు. అటూ ఇటూ కాకుండా నిలబడి ఆయన కథలు చెప్పారు. చిన్ననాటి నుంచి ఇంట్లో విన్న క్రీస్తు కథను మాత్రం అరవై దాటాక గాని పెద్ద కావ్యంగా వెలువరించలేదు.

కరువు తర్వాతి రోజులు

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండ దగ్గర చాట్రగడ్డపాడులో పుట్టారు. వినుకొండ అప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022 నుంచి పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ. ఆ కాలంలో అలాంటి పెళ్ళి అంటే రెండు వాడలకూ దూరమవడమే. ఆ దంపతులు క్రైస్తవం తీసుకున్నారు. కొడుక్కి బైబిలులో మోషే తర్వాత ఇశ్రాయేలు జనాన్ని నడిపించిన నాయకుడి పేరు పెట్టుకున్నారు.

ఆ ప్రాంతపు పల్లెల్లో క్రైస్తవం వేళ్ళూనుకున్న తీరు తెలిస్తే గాని జాషువా పుట్టిన ఇల్లు అర్థం కాదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో మహా కరువు పడింది. పశువులు చచ్చాయి, మనుషులు రోడ్ల మీద పడిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి కల్పించాడు. ఆయన దగ్గర మట్టి తవ్వినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలే. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి కోసం చేరారని కొందరన్నారు. అయితే కరువు ఉన్నన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడన్నది కూడా చెప్పుకోవాలి. ఏమైనా, ఒక తరం గడిచేసరికి ఆ పల్లెల్లో బడి అంటే మిషను బడి, పుస్తకం అంటే బైబిలు అయింది.

క్రైస్తవుల్లో కథ చెప్పే తీరు కూడా అప్పటికే తెలుగుదనం పట్టింది. పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి రాగం, తాళం కట్టి రాసిన కీర్తనలు చర్చిల్లో పాడుకునేవారు. ఇప్పటికీ పాడుకుంటున్నారు. ఆయన పోయింది 1890లో, జాషువా పుట్టడానికి అయిదేళ్ళ ముందు. కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు. చదువు రాకపోయినా వినికిడితో పట్టుబడుతుంది. పద్యం సంగతి అలా కాదు. దానికి ఛందస్సు కావాలి, సంస్కృతం కావాలి, అన్నిటికీ మించి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పే గురువు కావాలి. మాలమాదిగ పిల్లవాడిని అరుగు ఎక్కనిచ్చేవారెవరు?

జాషువాకు కావలసింది పద్యమే.

బడిలో ఈ పిల్లవాడి పక్కన కూర్చోవడానికి తోటి పిల్లలు ఒప్పుకునేవారు కాదు. కులం పేరుపెట్టి గేలిచేసేవారు. ఆయన ఊరుకునే రకం కాదు, తిరగబడి కొట్టేవారు. ఆ కసి ఒకవైపు, బొమ్మలు గీయడం, పాటలు పాడడం మరొకవైపు. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి వల్ల కవిత్వం మీద మోజు పుట్టింది. పిచ్చయ్యశాస్త్రి కూడా తర్వాత కవిగా పేరు తెచ్చుకున్నవారే. జూపూడి హనుమచ్ఛాస్త్రి అనే పండితుడు జాషువాకు కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం పాఠం చెప్పారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ పండితుడు క్రైస్తవ మాదిగ పిల్లవాడికి కాళిదాసును చెప్పడం చిన్న సంగతి కాదు. జాషువా కథలో తలుపులు మూసినవాళ్ళతో పాటు ఇలా తలుపు తీసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను మరచిపోవడం న్యాయం కాదు.

వినుకొండలో ఒకసారి అవధాన సభ జరిగింది. కుర్రవాడైన జాషువా తాను రాసుకొచ్చిన పద్యాలు సభలో చదివారు. పద్యం బాగుందా లేదా అన్న మాట పక్కకు పోయింది. ఈ కులంవాడిని సభలోకి ఎవరు రానిచ్చారని కేకలు లేచాయి. పద్యం చదివిన నోటినే తప్పుపట్టారు. అప్పటి ఆ గాయం ఆయన రచనలో జీవితాంతం ఎక్కడో ఒకచోట సలుపుతూనే ఉంటుంది.

తెర పక్కన గొంతు

1910లో, పదిహేనేళ్ళ వయసులో జాషువాకు మేరీతో పెళ్ళయింది. మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతం మీద పంతులు పని చేశారు. అది కూడా నిలవలేదు. ఉద్యోగం పోవడంతో బతుకుతెరువు వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్ళారు. 1915, 16 సంవత్సరాల్లో అక్కడ ఆయన చేసిన పని ఈ తరంవాళ్ళకు వింతగా ఉంటుంది. సినిమా వాచకుడి పని అది.

అవి మూగ చిత్రాల రోజులు. తెలుగులో మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది 1932లో. అంతకు ముందు తెర మీద బొమ్మ ఆడేది గాని మాట ఉండేది కాదు. అడుగున వచ్చే ఇంగ్లీషు రాత హాలులో పదిమందికి కూడా అర్థమయ్యేది కాదు. అందుకని తెర పక్కన ఒక మనిషిని నిలబెట్టేవారు. బొమ్మ కదిలేకొద్దీ అతను కథ చెప్పాలి. రాజు వస్తే రాజు గొంతు, రాణి ఏడిస్తే రాణి గొంతు తనే పలకాలి. బొమ్మ ఆగదు కాబట్టి అతను తడబడడానికి వీల్లేదు. నేల టిక్కెట్టువాడికి నచ్చకపోతే ఈల వేస్తాడు, నచ్చితే చప్పట్లు కొడతాడు. తప్పూ ఒప్పూ అప్పటికప్పుడే తేలిపోతుంది.

జాషువా పద్యంలో ఉన్న ధార ఎక్కడిదని విమర్శకులు చాలా రాశారు. శ్రీనాథుడి పోలిక తెచ్చారు, కాళిదాసు పాఠాలను తలచారు. అవి నిజమే. కాని రాజమండ్రి చీకటి హాలులో కూలికి కథ చెప్పిన రెండేళ్ళను కూడా లెక్కలో వేసుకోవాలి. వినేవాడికి ఒక్కసారికే అర్థం కావాలి, మళ్ళీ వెనక్కి తిప్పి చదువుకునే అవకాశం ఉండదు అన్న ఎరుక ఆ పనిలో తప్పనిసరిగా వస్తుంది. ఆయన పద్యాలు నాటకాల్లోకి అంత తేలిగ్గా ఎక్కడానికి అదీ ఒక కారణమై ఉంటుంది.

రాజమండ్రి నుంచి తిరిగి వచ్చాక గుంటూరులో లూథరన్ మిషను నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు పనిచేశారు. ఉభయభాషా ప్రవీణ పరీక్ష ప్యాసయ్యారు. 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నారు. సభలోకి రానివ్వని కుర్రవాడు ఇప్పుడు అన్ని కులాల పిల్లలకూ బడిలో పద్యం చెప్పే మాస్టారయ్యారు.

రెండు వైపులా గోడ

ఈ మధ్యకాలంలో ఆయన రాసినవి చూస్తే చర్చి పెద్దలకు ఎందుకు కోపం వచ్చిందో తెలుస్తుంది. 1919లో ‘రుక్మిణీ కల్యాణం’. 1925లో ‘ధ్రువ విజయం’. క్రైస్తవుడివై ఉండి కృష్ణుడి పెళ్ళీ, ధ్రువుడి తపస్సూ రాయడమేమిటని మతపెద్దలు నిలదీశారు. పురాణాలు చదవడమే తప్పన్నారు. జాషువా మానలేదు. చివరికి ఆయన కుటుంబాన్ని సంఘం నుంచి వెలివేశారు.

పల్లెలో వెలి అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కరలేదు. హిందూ సమాజం పుట్టుకతోనే బయట పెట్టిన ఇంటికి ఉన్న ఒక్క గూడూ ఆ సంఘమే. అదీ తలుపు వేసుకుంది. పెళ్ళికి పిలుపు ఉండదు, చావుకు మనుషులు రారు. కవిత్వం కోసం ఇంత మూల్యం చెల్లించినవాళ్ళు తెలుగులో తక్కువ.

మతపెద్దల వాదన పూర్తిగా అర్థంలేనిదని అనడానికీ లేదు. నిన్నమొన్న మతంలో చేరిన జనం పాత కథలకు మళ్ళీ వెళ్ళిపోతారేమోనన్న భయం వాళ్ళది. జాషువా వైపు నుంచి చూస్తే సంగతి వేరు. కృష్ణుడూ ధ్రువుడూ ఏ ఒక్క మతానికో రాసిచ్చిన ఆస్తి కాదు, తెలుగు గడ్డ మీద పుట్టిన ప్రతివాడికీ వాటిలో వాటా ఉంది అన్నట్లు ఆయన ప్రవర్తించారు. పొలంలో వాటా ఇవ్వని సమాజం దగ్గర కథలో వాటా ఆయన అడగలేదు, తీసేసుకున్నారు.

1932లో వచ్చిన ‘ఫిరదౌసి’ ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. అది పర్షియా కవి కథ. గజనీ మహమ్మదు పద్యానికి ఒక బంగారు నాణెం చొప్పున ఇస్తానని ఒప్పుకుని షానామా రాయించుకుంటాడు. కవి ఏళ్ళ తరబడి రాస్తాడు. తీరా పుస్తకం చేతికొచ్చాక చాడీలు విని, బంగారం బదులు వెండి పంపిస్తాడు. కవి గుండె పగులుతుంది. బంగారం చివరికి వచ్చేసరికి కవి లోకంలో లేడు. క్రైస్తవ కవి, ముస్లిం కవి కష్టాన్ని, సంస్కృత వృత్తాల్లో, తెలుగులో చెప్పాడు. కవి శ్రమకు కూలి ఎగ్గొట్టిన పెద్దమనిషి కథ గనుక, కూలి ఎగ్గొట్టే పెద్దమనుషులను ఎరిగిన పల్లెవాడికి అది దూరదేశపు కథ అనిపించదు.

1941లో ‘గబ్బిలం’ వచ్చింది. హనుమచ్ఛాస్త్రి దగ్గర చదువుకున్న మేఘసందేశం ఇక్కడ పనికొచ్చింది. కాళిదాసు కావ్యంలో యక్షుడు ఎడబాసిన భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో కబురు పంపేవాడు కడుపునిండా తిండిలేని అంటరానివాడు. రాత్రివేళ గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో తన గోడు శివుడికి చెప్పమంటాడు. గబ్బిలమే ఎందుకు? మనిషికి లేని హక్కు దానికి ఉంది. అది గర్భగుడిలోకి ఎగిరిపోయి తలకిందులుగా వేలాడుతుంది, దాన్ని ఎవరూ ఏ కులమని అడగరు.

ఇందులో ఒక చిత్రం ఉంది. క్రైస్తవుడైన కవి తన జనం గోడును క్రీస్తుకు చెప్పుకోలేదు. శివుడికి పంపాడు. చర్చి పెద్దలకు ఇది మింగుడుపడే సంగతి కాదు. కాని ఫిర్యాదు ఎప్పుడైనా తప్పు జరిగిన చోటే పెట్టాలి కదా. గుడి తలుపు వేసిన సమాజం శివుడి పేరనే వేసింది. అందుకే అర్జీ శివుడి పేరనే పెట్టాడు. దేవుడి మీద కోపంతో కాకుండా, దేవుడికి ఈ సంగతి తెలియనివ్వడం లేదేమో అన్నట్లు చెప్పడం వల్లనే ఆ కావ్యం తలుపు వేసినవాళ్ళ చేత కూడా కన్నీరు పెట్టించింది.

మతం మారినంత మాత్రాన కులం పోదని కూడా జాషువా చూశారు. ఒకే బైబిలు పట్టుకున్నవాళ్ళు వేరు వేరు బల్లల మీద కూర్చోవడం ఆయనకు తెలియనిది కాదు. ఆ సంగతి రాయడానికి ఆయన మొహమాటపడలేదు. దాంతో ఆయన మంచి క్రైస్తవుడు కాదన్న మాట మరింత బలపడింది.

పండితుల వైపు నుంచి కూడా క్రమంగా గోడ బీటలు వారింది. తిరుపతి వేంకటకవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆ కాలంలో తెలుగు కవులకు గురుపీఠం వంటివారు. ఆయన స్వయంగా వంగి జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. కాలు తాకి తొడగవలసిన భూషణం అది. ఏ కాలు సభ గడప దాటరాదన్నారో ఆ కాలినే ఒక వృద్ధ బ్రాహ్మణ పండితుడు నిండుసభలో ముట్టుకోవడం అక్కడున్నవాళ్ళందరూ చూశారు. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి వంటి బిరుదులు ఎన్ని వచ్చినా ఆ ఒక్క దృశ్యం ముందు తక్కువే.

వడ్లవాని ఇంటి కథ

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జాషువా యుద్ధ ప్రచారకుడి పని చేశారు. 1948లో గాంధీజీ హత్య తర్వాత ‘బాపూజీ’ రాశారు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ ప్రయోక్తగా ఉన్నారు. తెర పక్కన నిలబడి కథ చెప్పిన మనిషికి నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ గొంతుతోనే పని పడింది. అక్కడ ఉన్న రోజుల్లోనే, 1958లో ‘క్రీస్తు చరిత్ర’ వెలువడింది.

క్రీస్తు కథను తెలుగు పద్యకావ్యం చేయడంలో ఉన్న కష్టం పైకి కనిపించదు. రాముడి కథో, నలుడి కథో చెప్పే కవికి దారి వేసి ఉంది. నన్నయ నుంచి వెయ్యేళ్ళ బాట అది. పట్టణ వర్ణన ఎలా చేయాలో, స్వయంవరం ఎలా చెప్పాలో, యుద్ధం ఎలా నడపాలో పెద్దలు చూపించి పెట్టారు. క్రీస్తు కథలో వీటిలో ఒక్కటీ లేదు. నాయకుడు పుట్టింది పశువుల పాకలో. పెరిగింది వడ్లవాని ఇంట్లో. వెంట తిరిగినవాళ్ళు చేపలు పట్టేవాళ్ళు, సుంకం వసూలు చేసేవాడు. స్వయంవరం లేదు, సింహాసనం లేదు. చివరికి నాయకుడిని దొంగల మధ్య కొయ్యకు కొట్టి చంపుతారు. కావ్యలక్షణాలు వల్లించే పండితుడికి ఇందులో పట్టు దొరకదు.

పేర్లు ఇంకో ఇబ్బంది. బేత్లెహేము, నజరేతు, యెరూషలేము, పొంతి పిలాతు. ఇవి బైబిలు వచనంలో ఒదిగినంత సులువుగా యతిప్రాసల మధ్య ఒదగవు. పైగా కథ ఒకచోట లేదు. మత్తయి, మార్కు, లూకా, యోహాను నలుగురూ నాలుగు తీర్లుగా చెప్పిన కథ అది. ఒకరు చెప్పింది ఒకరు వదిలేస్తారు. కవి ఆ నాలుగింటినీ ఒక ధారగా కలపాలి. నమ్మినవాళ్ళకు ఒక్క మాట జారినా అపచారం, నమ్మనివాళ్ళకు విసుగు పుట్టకూడదు. పురాణాల పద్యాలు రాసి వెలిపడ్డ మనిషికి ఈ కథ చెప్పడంలో ఉన్న బరువు మరెవరికీ ఉండదు.

అయితే ఆ పురాణ పద్యాల సాధనే ఇక్కడ అక్కరకొచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళ ముందు రుక్మిణి పెళ్ళి రాసి, ధ్రువుడి కథ రాసి, కాళిదాసును అరగదీసి సంపాదించుకున్న పలుకుబడి లేకపోతే క్రీస్తు కథ తెలుగులో కావ్యమయ్యేది కాదు, తర్జుమాగా మిగిలేది. ఏ చదువు తప్పని చర్చి పెద్దలు వెలివేశారో ఆ చదువుతోనే ఆయన వాళ్ళ ప్రభువు కథ చెప్పారు. ఆ పెద్దలు ఈ సంగతి గమనించారో లేదో గాని, సాహిత్యలోకం గమనించింది.

మరొకటి కూడా ఉంది. సువార్తల్లో సమరయ స్త్రీ ఘట్టం ఒకటి వస్తుంది. ఎండవేళ యేసు బావి దగ్గర కూర్చుని, నీళ్ళు తోడుకోవడానికి వచ్చిన సమరయ స్త్రీని దాహం అడుగుతాడు. యూదులు సమరయులతో కలిసేవారు కాదు, వాళ్ళ చేతి నీళ్ళు తాగేవారు కాదు. ఆమె ఆశ్చర్యపోతుంది. అమెరికా మిషనరీకి ఇది దూరదేశపు పాత ఆచారం. విడమరచి చెప్పుకోవలసిన సంగతి. వినుకొండ తాలూకా పల్లెలో ఊరి బావిలో చేద వేయనివ్వని ఇంట్లో పుట్టిన కవికి దాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కుష్ఠురోగిని చేత్తో ముట్టడం, పాపులతో ఒకే పంక్తిలో భోంచేయడం, ఇవన్నీ ఆయనకు బైబిలు కథలు కాకముందే బతుకులో తెలిసిన కొరతలు. ముట్టడం అనే మాటకు జాషువా వంటివాడి నోట ఉండే అర్థం ఇంకెవరి నోటా ఉండదు.

కథ చెప్పే తీరులోనూ దగ్గరితనం కనిపిస్తుంది. క్రీస్తు ఎప్పుడూ పెద్ద సిద్ధాంతాలు చెప్పలేదు. విత్తనం చల్లే రైతు, తప్పిపోయిన గొర్రె, ఇల్లు వదిలిపోయిన చిన్నకొడుకు, పిండిలో వేసిన పులిసిన ముద్ద, ఇలాంటి చిన్న వస్తువులతో ఉపమానాలు చెప్పాడు. జాషువా ఖండకావ్యాలు తిరగేస్తే గిజిగాడు గూడు అల్లుతుంటుంది, సాలీడు దారం తీస్తుంటుంది, శిశువు కేరింతలు కొడుతుంటాడు, గబ్బిలం వేలాడుతుంటుంది. రాజులనూ రణాలనూ కూడా రాశారు గాని, జనం గుర్తుపెట్టుకున్నవి ఈ చిన్న ప్రాణులనే. ఎన్నో ఏళ్ళు బడి పుస్తకాల్లో తెలుగు పిల్లలు ఆ పద్యాలే చదివారు. పురాణాల కవి అని చర్చి వెలివేసిన మనిషి, కథ చెప్పే పద్ధతిలో మొదటినుంచీ సువార్తల దారిలోనే నడిచారని ఆలోచించినవాళ్ళకు తోచకమానదు.

ఆయన పద్యాన్నే ఎందుకు పట్టుకుని ఉన్నారన్న ప్రశ్న అప్పట్లో ఉండేది. శ్రీశ్రీ వంటివారు ఛందస్సును పగలగొట్టి కొత్త దారి తీసిన కాలం అది. బీదల పక్షాన రాసేవాడు పాత సీసాలూ ఉత్పలమాలలూ వదలకపోవడం కొందరికి వెనకబాటుగా కనిపించింది. తాతముత్తాతల నుంచి ఇంట్లో ఉన్న పాత్రను విసిరికొట్టడం తేలిక. తరతరాలుగా ముట్టుకోనివ్వని పాత్ర చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎవరు పారేస్తారు?

చివరి ఏళ్ళు

1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రెండేళ్ళ ముందు, 1962లో అదే బహుమతి విశ్వనాథ సత్యనారాయణకు దక్కింది. సనాతన ధర్మాన్ని నెత్తిన పెట్టుకున్న విశ్వనాథకు ఇచ్చిన చేత్తోనే క్రీస్తు కథ రాసిన జాషువాకూ ఇచ్చారు. అదే 1964లో జాషువా శాసనమండలి సభ్యుడై హైదరాబాదు వచ్చారు. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ రెండూ అందుకున్నారు. నెలకు మూడు రూపాయల పంతులుగిరీ పోగొట్టుకున్న మనిషి చదువు మెట్లన్నీ ఎక్కకుండానే విశ్వవిద్యాలయం గౌరవం పొందారు.

చివరి దశలో తన బతుకును తనే ‘నా కథ’ పేరుతో పద్యాల్లో రాసుకున్నారు. చిన్ననాటి దెబ్బలూ, చర్చి వెలీ, సభల్లో చీత్కారాలూ, ఆదుకున్న చేతులూ అందులో ఉన్నాయి. ఆ వయసుకు ఆయన ఏ ఒక్క మతపు కొలతకూ ఒదగని మనిషయ్యారు. కులం పేరుతోగాని మతం పేరుతోగాని తనను పిలవద్దన్నారు, తాను విశ్వనరుడినని చెప్పుకున్నారు. క్రీస్తును వదిలారా అంటే, ఆయనకు పేరు తెచ్చిన పెద్ద కావ్యాల్లో ఒకటి క్రీస్తుదే. క్రైస్తవుడిగా మిగిలారా అంటే, పెద్దలు కోరిన తీరున మిగలలేదు. ఆయన నమ్మిన క్రీస్తు పల్లెవాడల్లో తిరిగే మనిషి, పీఠం మీద కూర్చునేవాడు కాదు.

ఆ మాట ఇంట్లోనే పరీక్షకు వచ్చింది. 1932లో పుట్టిన కూతురు హేమలత, విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా కొడుకు లవణాన్ని 1960లో పెళ్ళాడింది. కులం కాదు, మతం కాదు, అసలు దేవుడినే నమ్మని ఇల్లు. క్రీస్తు చరిత్ర అచ్చయి రెండేళ్ళు కాలేదు. లోకం ఏమనుకుంటుందోనన్న భయం ఏ తండ్రికైనా సహజం. యాదవుడికీ మాదిగకూ పుట్టిన కొడుకుగా గోడ దాటిన పెళ్ళి విలువా, దాని ఖరీదూ రెండూ జాషువాకు తెలుసు. ఆయన ఆ పెళ్ళికి సమ్మతించారు.

1971 జూలై 24న గుంటూరులో జాషువా కన్నుమూశారు. అప్పటికి డెబ్భై అయిదేళ్ళు నిండాయి. 1986లో హైదరాబాదు ట్యాంకుబండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు నిలబెట్టినప్పుడు నన్నయ, తిక్కన, శ్రీనాథుల వరుసలోనే ఆయన విగ్రహమూ పెట్టారు.

హేమలత తండ్రి గురించి ‘మా నాన్నగారు’ అనే పుస్తకం రాశారు. లవణంతో కలిసి బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగలని ముద్రవేసిన కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ మిషనరీలు నడిపిన ఊరు అది. పోలీసు రికార్డుల్లో దొంగలుగా నమోదైన ఆ ఇళ్ళల్లోకి ఆమె వెళ్ళి కూర్చున్నారు, వాళ్ళ పిల్లలను బడికి పంపించారు, జైలునుంచి వచ్చినవాళ్ళకు పని చూపించారు. తెలంగాణలో జోగినుల దురాచారం మీద కూడా పనిచేశారు. ఆమె 2008లో మరణించారు.